సర్ తామస్ మన్రో దొరగారు – మన వీథిబడుల లెక్క

మన గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొను ఈ శుభసమయమున వెలువడు సంచికకు, మన ప్రాంతముతో సంబంధము గల యొక ప్రసిద్ధపురుషుని జీవితమును గూర్చి వ్రాయవలసినదని కార్యవర్గమువారు కోరిరి. నేను గ్రామలెక్కలు వ్రాయు వృత్తియందున్నవాడను. కావున లెక్కలచేతనే పేరుగాంచిన సర్ తామస్ మన్రో దొరగారిని ఎన్నుకొంటిని. ఆయన పేరు చెప్పగనే మనకు పైమాషీ, రైతువారీ శిస్తు జ్ఞప్తికి వచ్చును. ఆయన భూములనే గాక, మన పల్లెలలోని బడులను, అందు చదువుకొను పిల్లలను గూడ లెక్కింపజేసిరన్న సంగతి తెలిసినవారు తక్కువ. గ్రంథాలయమునకు వచ్చు చదువరులకు ఈ రెండవ లెక్కయే ఎక్కువ సంబంధించినది గాన, ఆయన జీవితమును దాని వైపునుండి చెప్పెదను.

మన్రో క్రీ.శ. 1761 మే 27వ తేదీన స్కాట్లండు దేశమునందలి గ్లాస్గో నగరమున జన్మించిరి. తండ్రి అమెరికాలోని వర్జీనియా సీమతో పొగాకు వ్యాపారము చేయు వర్తకుడు. మన్రో గ్లాస్గోలోని పాఠశాలయందును, విశ్వవిద్యాలయమునందును చదివి, గణితమునను రసాయనశాస్త్రమునను ఆసక్తి చూపిరి. స్పానిష్ భాషలోని డాన్ క్విక్సోట్ అను గ్రంథమును మూలమునందే చదువవలెనను కోరికతో, గురువు లేకయే నిఘంటువును వ్యాకరణమును దగ్గర నుంచుకొని ఆ భాషను నేర్చుకొనిరని ఆయన చరిత్రకారులు చెప్పుదురు. బాల్యమున తట్టు సోకుటచే వినికిడి కొంత మందగించెను. ఆ లోపము ఆయనను జీవితాంతము వెంటాడినను, ఇతరుల మాటను వినుటయందు ఆయనకున్న ఓర్పును తగ్గింపలేదు.

అమెరికావారి స్వాతంత్ర్యసమరముచే తండ్రి వ్యాపారము చెడిపోగా, కుమారునకు పరదేశవాసము తప్పలేదు. 1780 జనవరిలో కుంపిణీవారి సైన్యమున కొత్త ఉద్యోగిగా ఆయన చెన్నపట్టణమున దిగిరి. ఆ యేటనే హైదరాలీతో యుద్ధము వచ్చెను. యుద్ధముల నడుమ దొరకిన తీరికను ఆయన పారసీ, హిందూస్థానీ భాషలు నేర్చుటకు వినియోగించిరి. 1792లో బారామహలు సీమ కుంపిణీవారి వశమైనప్పుడు, కర్నల్ రీడ్ దొరకు సహాయకులుగా అచ్చటికి పోయి, 1799 వరకు భూమి, పంట, శిస్తు అను మూడింటి సంబంధమును పొలముగట్లపై నిలిచి నేర్చుకొనిరి. తరువాత కొంతకాలము కన్నడ తీరమున పనిచేసిరి.

1800 సంవత్సరమున నిజామువారు తుంగభద్రకు దక్షిణమునగల సీమలను కుంపిణీవారికి ఇచ్చివేసిరి. ఇవియే దత్తమండలములు. 1928 నుండి మనము రాయలసీమయని పిలుచుకొనుచున్న ప్రాంతమునకు ఇదియే పూర్వనామము. హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ఈ దత్తమండలములలోనివే. మన్రో వీనికి మొదటి ప్రధాన కలెక్టరుగా నియమింపబడి, అనంతపురమును ముఖ్యస్థానముగా చేసికొనిరి. 1565లో తళ్లికోట యుద్ధము తరువాత విజయనగర ప్రభువులకు రాజధానియైన పెనుకొండ, అప్పటికి పూర్వవైభవమును కోల్పోయియుండెను. సుమారు 80 మంది పాలెగాండ్రు కోటలలో నుండి పల్లెలను పీడించుచుండిరి. మన్రో వారిని అణచి, భవనములలో గాక గుడారములలో నివసించుచు, పల్లెనుండి పల్లెకు తిరుగుచు శిస్తు నిర్ణయించిరి.

1802లో పైమాషీ మొదలయ్యెను. 33 అడుగుల గొలుసుతో పొలములను కొలిపించిరి. ఆ గొలుసు చతురము ఒక గుంట. 40 గుంటలు ఒక యెకరము. మన పెద్దలు వాడిన ఈ కొలత ఆ గొలుసునుండి వచ్చినదే. మన్రో విధించిన శిస్తు తేలికయైనది కాదు. పంటలో దాదాపు సగమునకు సమీపించిన ఆ భారమును రైతు మోయజాలడని ఆయనకే తోచి, 1807లో సెలవుపై స్వదేశమునకు పోవుటకు ముందు, నూటికి 25 వంతున తగ్గింపవలసినదని పైవారికి వ్రాసిరి. పైవారు అప్పుడు అంగీకరింపలేదు. తరువాత కొన్నియేండ్లు గ్రామములను మొత్తముగ కౌలుకిచ్చు పద్ధతి నడిచి, రైతులను మరింత క్రుంగదీసెను. మన్రో గవర్నరుగా తిరిగివచ్చిన కాలముననే ఆ తగ్గింపు అమలులోనికి వచ్చెను. ఈ సంగతిని పాఠకులు మనస్సున నుంచుకొనవలెను. ముందు చెప్పబోవు బడుల దుఃస్థితికిని దీనికిని సంబంధము కలదు.

1813లో ఇంగ్లండునందు పార్లమెంటువారు హిందూదేశ విషయమై విచారణ జరిపినప్పుడు, మన్రోను పిలిపించి అడిగిరి. హిందువులకు నాగరికత నేర్పవలయునా యని వారి సందేహము. మన్రో దానికి సమాధానముగా, ఈ దేశపు వ్యవసాయమును, చేతిపనులను, ఆతిథ్యమును, పల్లెపల్లెను చదువు వ్రాత లెక్కలు నేర్పు బడులను పేర్కొని, నాగరికతయే సరకువలె రెండు దేశముల నడుమ ఇచ్చిపుచ్చుకొనదగినదైనచో దిగుమతివలన లాభము ఇంగ్లండునకే యని సాక్ష్యమిచ్చిరి. జయించినవారి సభలో నిలిచి, జయింపబడినవారిని గూర్చి అట్లు పలుకుట సామాన్యము కాదు.

1814లో వివాహము చేసికొని మరల ఈ దేశమునకు వచ్చి, న్యాయపాలన సంస్కరణమునను, పిమ్మట మరాఠా యుద్ధమునను పనిచేసి, 1820 జూన్ నెలలో ఆయన చెన్నరాజధానికి గవర్నరైరి. పల్లెపల్లెను బడియున్నదని సాక్ష్యమిచ్చినవారు, అధికారము చేతికి వచ్చిన పిమ్మట ఆ మాటతో తృప్తి నొందలేదు. 1822 జూన్ 25వ తేదీన ఒక లేఖ వ్రాసి, ప్రతి జిల్లాలోను ఎన్ని బడులున్నవి, ఎందరు పిల్లలు చదువుచున్నారు, వారు ఏయే కులములవారు, ఎంతకాలము చదువుదురు, ఏ గ్రంథములు చదువుదురు, పంతులకు ఏమి ముట్టుచున్నదను ప్రశ్నలకు కలెక్టర్లు జవాబులు పంపవలెనని నిశ్చయించిరి. బడుల వ్యవహారమున సర్కారు జోక్యము చేసికొనరాదనియు, ప్రజలు తమ బడులను తమ ఇష్టానుసారము నడుపుకొననీయవలెననియు గూడ అందు హెచ్చరించిరి. చదువు గూర్చి తామెరిగినది అల్పమనియు, ఎరుగకయే విధించు నియమము కీడు చేయుననియు ఆయన అభిప్రాయము.

అప్పుడు మన ప్రాంతము బళ్లారి జిల్లాలోనిది. 1882లో గాని అనంతపురము వేరు జిల్లా కాలేదు. 2022 నుండి హిందూపురము, పెనుకొండ, ధర్మవరములు శ్రీ సత్యసాయి జిల్లాకు చేరినవి. అందుచేత 1823 ఆగస్టు 17వ తేదీన బళ్లారి కలెక్టరు పంపిన జవాబు మన తాతముత్తాతల బడుల చరిత్రయే. ఆ కలెక్టరు ఏ. డి. కాంబెల్ దొర. ఆయన తెలుగు భాషకు వ్యాకరణమును, నిఘంటువును రచించిన పండితుడు. అన్ని జిల్లాల జవాబులలోను, బడి లోపలికి ప్రవేశించి చూచినట్లు వ్రాసినది ఈయనదే.

జిల్లా జనసంఖ్య 9,27,857. బడులు 533. చదువుకొనువారు 6,641 మంది. అనగా బడికి సుమారు 12 మంది. జనము వేయింటికి సుమారు 7 గురు. ఆ బడులలో కన్నడమువి 235, తెలుగువి 226, మరాఠీవి 23, సంస్కృతమువి 23, పారసీవి 21, తమిళమువి 4, ఇంగ్లీషుది 1. ఆడుపిల్లలు అందరును కలిసి 60 మంది మాత్రమే. ఈ చివరి అంకె చదివి నిట్టూర్చని తండ్రి యుండడు.

ఆ బడి యెట్లుండెడిదో కాంబెల్ వ్రాసిన దానినిబట్టి చెప్పెదను. పిల్లవానికి అయిదవ యేడు రాగానే పంతులును, బడిపిల్లలును వాని యింటికి పోవుదురు. వినాయకుని పూజించి, బియ్యములో పిల్లవాని వ్రేలితో దైవనామమును వ్రాయింతురు. తల్లిదండ్రులు పంతులను శక్తికొలది సత్కరింతురు. మరునాటినుండి చదువు. ఉదయము 6 గంటలకే బడి. మొదట వచ్చినవాని అరచేత సరస్వతి నామము వ్రాయుదురు. రెండవవానికి సున్న, వాడు మెప్పునకును తగడు, నిందకును తగడని భావము. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, అటుపై వచ్చిన కొలది ఒక్కొక్కటి హెచ్చు. సోమరులకు బెత్తము, గుంజిళ్లు, పైకప్పునకు చేతులు కట్టి వ్రేలాడదీయు కోదండము గూడ కలవు. ఈ శిక్షలను మెచ్చుకొనువారు నేడు లేరు, ఉండరాదు.

చదువు వ్రాతతో మొదలగును. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దించి, అవి చేతికి వచ్చిన పిమ్మట పలక, కడితము, తాటాకు గంటములకు పోవుదురు. బొగ్గుపొడితో పూతపెట్టిన గుడ్డను మడతలుగా మడచి, బలపముతో వ్రాసి చెరిపివేయుటకు వీలుగానుంచు ఈ కడితము మన కరణములకు చిరకాలము లెక్కపుస్తకమై యుండెను. అక్షరముల వెనుక గుణింతములు, మనుష్యుల పేర్లు, ఊళ్ల పేర్లు, ఆ తరువాత ఎక్కములు, కూడికలు, తీసివేతలు, గుణకారము, భాగహారము. మరియు వీసము, పరక, పాతిక మొదలగు భిన్నములు, కొలతలు, తూకములు. సాయంకాలము పిల్లలందరును నిలుచుండి, ఒకడు చెప్పగా ఎక్కములను ఏకకంఠముతో వల్లించి ఇండ్లకు పోవుదురు. పై తరగతివారు జాబులు, అర్జీలు, దస్తావేజులు చదువుటయు వ్రాయుటయు నేర్తురు.

పంతులొక్కడు. కావున పెద్దపిల్లలకు తాను చెప్పి, చిన్నవారిని పెద్దవారికి అప్పగించును. చెప్పువాడు తాను నేర్చినదానిని గట్టిపరచుకొనును; వినువాడు తన యీడువాని నోట వినుటచే భయపడక నేర్చును. కాంబెల్ ఈ పద్ధతిని, వ్రాత నేర్పుటలోని మితవ్యయమును మనసార మెచ్చుకొనెను. అంతకు ముందే ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు చెన్నపట్టణపు అనాథశాలలో ఇసుకవ్రాతను, పిల్లలచే పిల్లలకు చెప్పించుటను ప్రవేశపెట్టి, 1797లో దానిని గూర్చి ఇంగ్లండున గ్రంథము ప్రకటించియుండెను. ఆ పద్ధతి అచ్చటి బీదపిల్లల బడులలో విస్తారముగ వ్యాపించెను. మన వీథియరుగుమీది పద్ధతి సముద్రములు దాటినదన్నమాట.

ఇక లోపము. పిల్లలు రామాయణ భారత భాగవతములను, పంచతంత్రాది కథలను పద్యములుగ చదువుదురు. ఆ కావ్యభాష వాడుకమాటకు దూరమైనది. తాళపత్రములలో వ్రాయసకాండ్రు చేసిన తప్పులు కోకొల్లలు. నిఘంటువులు, వ్యాకరణములు ఉన్న బడులు బహుస్వల్పము. పిల్లవాడు వందల పద్యములు తప్పులేక అప్పగించును గాని, వానియర్థము చిలుకకెంత తెలియునో వానికంత తెలియును. అడిగినచో చెప్పుటకు పంతులకును తెలియదు. చదువు కంఠమున నిలిచి బుద్ధికి దిగకుండెనని కాంబెల్ అభిప్రాయముయొక్క సారాంశము.

మా వృత్తిలో దీనిని బోలినది యొకటి కలదు. చిట్టాలోని మొత్తమును ఆవర్జాలోనికి అందముగ ఎత్తి వ్రాయుట వేరు. ఆ మొత్తము ఎట్లు వచ్చెనో ఎరిగి వ్రాయుట వేరు. మొదటివాడు దస్తూరి కలవాడు. రెండవవాడు లెక్క తెలిసినవాడు. చిట్టాలో తప్పు దొరలినచో మొదటివాడు ఆ తప్పునే ముత్యములవంటి అక్షరములతో వ్రాయును. రెండవవాడు కలము నిలిపి, ఇది యెట్లని అడుగును. బడిలో పిల్లవానికి కావలసినది ఈ అడుగుటయే. అయితే మన పాతబడిలో ఈ ఆలోచన బొత్తిగా లేదనుటయు న్యాయము కాదు. భిన్నములు నోటిలెక్కగా కట్టినవాడు, తోటివానికి పాఠము చెప్పినవాడు, ఊరివారి దస్తావేజు చదివి మంచిచెడ్డలు చూచినవాడు ఆలోచింపకయే ఆ పనులు చేయలేదు. లెక్కలో ఆలోచన నేర్పిన బడి, పద్యములో దానిని నేర్పలేకపోయెను. ఒకదానికి బ్రతుకు ఆధారము. రెండవదానికి పుస్తకము లేదు, చెప్పువాడు లేడు.

కాంబెల్ ఇంతటితో ఆగక, బడులు క్షీణించుటకు కారణమును గూడ నిర్భయముగ వ్రాసెను. దేశము క్రమక్రమముగ బీదదియగుచున్నది. ఇంగ్లండునుండి వచ్చు మరనూలు బట్టలు మన సాలెవారి జీవనమును దెబ్బతీసినవి. పూర్వపు ప్రభువులు విద్యకిచ్చిన ఆధారములు పోయినవి. ఒకప్పుడు చదివించిన యిండ్లలోనే పిల్లలకు నాలుగక్షరములు వచ్చుటకు ముందే, కాయకష్టము చేయగల వయస్సు రాగానే, పనికి పంపుచున్నారు. జిల్లాలోని 533 బడులలో ఒక్కదానికైనను సర్కారు సహాయము లేకుండుటకు తాను సిగ్గుపడుచున్నానని ఆ దొర తన ప్రభుత్వమునకే తెలియజేసెను. శిస్తు భారమును మోపినవారిలో ఒకరైన మన్రోకే ఈ జవాబు చేరవలసివచ్చెను. దానిని దాచిపెట్టక, తోసివేయక, అన్ని జిల్లాల లెక్కలతో చేర్చి పరిశీలించుట ఆయన గొప్పతనము.

1826 మార్చి 10వ తేదీన మన్రో తమ తీర్మానమును వ్రాసిరి. రాజధాని మొత్తముమీద జనము 1,28,50,941, బడులు 12,498, చదువరులు 1,88,650. అందులో మగపిల్లలు 1,84,110, ఆడుపిల్లలు 4,540. అనగా వేయిమందికి ఒక్క బడి. పల్లెపల్లెకు బడి యను 1813నాటి మాట ఇంతగా కుదించుకొనిపోయెను. అయిదు మొదలు పది యేండ్లలోపు మగపిల్లలు 7,13,000 మంది యుందురని అంచనా వేసి, వారిలో నాల్గవవంతునకు కొంచెము పైగా బడికి వచ్చుచున్నారనియు, ఇండ్లలో చదువుకొనువారిని గూడ చేర్చినచో మూడవవంతునకు సమీపమగుననియు లెక్కకట్టిరి. కొలది కాలము క్రిందటి ఐరోపా దేశములలో పెక్కింటికన్న ఇది మెరుగేయని గూడ చెప్పిరి. మంచిని మంచిగాను, కొరతను కొరతగాను వ్రాయుట లెక్క వ్రాయువాని ధర్మము.

కొరతకు మూలము పంతుల పేదరికమని ఆయన గుర్తించిరి. పిల్లవానికి నెలకు నాలుగు అణాలు మొదలు ఎనిమిది అణాలు జీతము. పంతులకు నెలకు ఆరేడు రూపాయలకన్న మించి రాదు. అట్టి ఆదాయమునకు తగినవాడెట్లు వచ్చును? వచ్చినవాడు అర్థము చెప్పుటకు తాను ముందెట్లు చదువుకొనును? అందుచే మన్రో వేసిన పద్దు ఇది: జిల్లాకు రెండు చొప్పున 20 జిల్లాలకు 40 పెద్దబడులు, పంతులకు నెలకు 15 రూపాయలు; తాసీలుకొకటి చొప్పున 300 బడులు, పంతులకు నెలకు 9 రూపాయలు, పిల్లల జీతములు దీనికి అదనము; పంతులకు శిక్షణ నిచ్చి పుస్తకములచ్చొత్తించుటకై చెన్నపట్టణపు పాఠ్యపుస్తక సంఘమునకు నెలకు 700 రూపాయలు. వెరసి నెలకు 4,000. సంవత్సరమునకు 48,000 రూపాయలు. కోటికి మించిన జనమున్న రాజధానికి ఇది మిక్కిలి స్వల్పమైన వ్యయము. మొదట పంతులు నేర్చుకొనవలెను, పిమ్మట పిల్లవానికి నేర్పవలెనను క్రమము ఈ పద్దులోనే కలదు.

ఆ పని ప్రారంభమయ్యెను గాని, దాని ఫలమును చూచుటకు ఆయన జీవింపలేదు. స్వదేశమునకు వెళ్లిపోవుటకు ముందు, తమకు ప్రియమైన దత్తమండలములను కడసారి చూడవలెనని 1827లో బయలుదేరిరి. విడిదిలో వాంతిభేది వ్యాపించెను. జూలై 6వ తేదీన పత్తికొండయందు ఆ వ్యాధిచేతనే మన్రో మరణించిరి. అప్పటికి 66 యేండ్లు. దేహమును గుత్తిలో సమాధిచేసి, 1831లో చెన్నపట్టణపు కోటలోని చర్చికి మార్చిరి. మన సీమలో కొందరు తల్లిదండ్రులు తమ బిడ్డలకు మన్రోలప్పయని పేరు పెట్టుకొనిరి.

ఆయన తరువాత ఆ బడులకు పోషకుడు లేకపోయెను. శిక్షణ సరిగా నడువలేదు, పర్యవేక్షణ లేదు. 1835లో ఇంగ్లీషు చదువునకే ధనము వెచ్చింపవలెనని పైప్రభుత్వము నిర్ణయింపగా, 1836లో జిల్లాబడులను తాసీలుబడులను ఎత్తివేసిరి. పది సంవత్సరములు నిండకమునుపే వానిని పరీక్షించి పనికిరావనిరి. విత్తనము మొలకెత్తుటకు కావలసిన కాలముకూడ ఇయ్యక పొలమును నిందించినట్లయ్యెను. పల్లెబడి మరల తన పాతదారినే పడెను.

నేటి స్థితి వేరు. 6 మొదలు 14 యేండ్లలోపు బాలబాలికలకందరికి చదువు హక్కుగా 2009లో శాసనమైనది. కోదండము పోయినది, ఆడుపిల్లలు మగపిల్లలతో సమానముగ బడికి పోవుచున్నారు. ఇవి మన్రో కాలమువారు కలలోనైన కనని మార్పులు. కాని 2020నాటి జాతీయ విద్యావిధానము గూడ, చిన్నతరగతులలో పిల్లవాడు అర్థముతో చదువగలుగుటయే మొదటి పనియని చెప్పవలసివచ్చినది. కాంబెల్ చూపిన లోపమునకు 200 సంవత్సరములు దాటినను మందు పూర్తిగ దొరకలేదన్నమాట.

ఆ మందులో కొంతభాగము మన గ్రంథాలయమునందు కలదని నా నమ్మకము. ఆనాటి బడికి కొరతపడినవి నిఘంటువు, తప్పులులేని పుస్తకము, అర్థము చెప్పువాడు. మొదటి రెండును ఈ బీరువాలలో నున్నవి. మూడవది మనమే కావలెను. సాయంకాలము ఇచ్చటికి వచ్చు చదువరులు, బడిపిల్లవాడొకడు పద్యము చదువగా, బాగున్నదని పంపివేయక, దాని అర్థమేమని అడుగవలెను. వాడు తెలియదన్నచో కోపపడక, నిఘంటువును వానిచేతికిచ్చి, ప్రక్కన కూర్చుండవలెను. పెద్దపిల్లలు చిన్నపిల్లలకు కథలు చదివి వినిపింపవలెను. అది మన బడుల పాతసొత్తే. ముందు అడిగి, లెక్కించి, పిమ్మట పనికి పూనుకొనుట మన్రో దొరగారి జీవితమునుండి మనము గ్రహింపదగిన పాఠము. ఆ పాఠమును మన పిల్లలు నేర్తురు గాక! మన గ్రంథాలయము స్వర్ణోత్సవము, వజ్రోత్సవము జరుపుకొనుచు శాశ్వతముగ వర్ధిల్లుగాక!